సంచికెత్తిన చలికాలం

ఇంగ్లండ్‌లో సెప్టెంబరు దాటుతుండగానే పల్లె ఇళ్ల ముందు పెద్ద పెద్ద తెల్ల సంచులు దిగడం మొదలవుతుంది. ఒక్కోటి నడుము ఎత్తున ఉంటుంది. ఇల్లు కట్టడానికి తెప్పించిన ఇసుక కాబోలు అనుకుంటే పొరపాటే. లోపల ఉన్నవి జానెడు పొడవున కోసి, చీల్చి, కుమ్మరించిన కట్టెలు. లారీకి బిగించిన చిన్న క్రేన్ సంచిని నాలుగు చెవులూ పట్టుకుని లేపి, ప్రహరీ మీదుగా దాటించి, ఆవరణలో దించి వెళ్లిపోతుంది. మోసే కూలీలు ఉండరు. బేరం ఫోన్‌లోనే అయిపోయి ఉంటుంది. కాసేపట్లో ఆ ఇంటికి కొన్ని వారాల వెచ్చదనం చేరిపోయినట్టే.

మన ఎరువుల గోదాముల్లో, రేవుల్లో, రసాయనాల ఫ్యాక్టరీల్లో తిరిగే జంబో సంచే అది. యూరియా బస్తాలాంటి నేత గుడ్డే, కాకపోతే బాగా దళసరి. నాలుగు మూలలా కొక్కేనికి తగిలించే పట్టీ చెవులుంటాయి. యూరియా బస్తా 45 కిలోలు మోస్తే ఇది టన్ను మోస్తుంది. ఖాళీ బస్తాలు విప్పి కుట్టి ధాన్యం మీద కప్పే బరకాలు చేసుకోవడం మన పల్లెలకు తెలిసిన విద్యే. చలిదేశాల రైతులు ఖాళీ జంబో సంచిని కట్టెలకు మళ్లించారు. విత్తనాలొచ్చిన సంచి ఉంది, ముందు భాగంలో ఇనుప కొమ్ములున్న ట్రాక్టరు ఉంది, గట్టు మీద పడిపోయిన చెట్టు ఉంది. ఈ మూడూ కలవడానికి ఎవరి సలహా అక్కర్లేకపోయింది.

తర్వాత అదే వ్యాపారమైంది. బ్రిటన్‌లో ఇప్పుడు కట్టెలు కొనడమంటే చాలామందికి సంచి లెక్కే. నార్వేలో 40, 60 లీటర్ల వల సంచులతో పాటు 1000, 1500 లీటర్ల పెద్ద సంచుల్లోనూ అమ్ముతారు. అమెరికాలో సొంత అడవి ముక్క ఉన్నవాళ్లు, ఇంటికి కలప పొయ్యి ఉన్నవాళ్లు వాడిన సంచులను రైతుల దగ్గర చవగ్గా కొని నింపుకుంటున్నారు.

ఇంత ఆదరణ ఉన్న వస్తువు గురించి ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ సంచి మోత బాధ తీర్చింది గానీ ఎండబెట్టే బాధ తీర్చలేదు. రెండూ ఒకటే అనుకున్నవాళ్ల పెరట్లో చలికాలం వచ్చేసరికి సంచి నిండా బూజు కట్టెలే ఉంటాయి.

చేతికి తగిలే లెక్క

కట్టెతో వచ్చే అసలు శ్రమ నరకడంలో లేదు. నరికినదాన్ని పదే పదే ఎత్తడంలో ఉంది. దుంగను ముక్కలుగా కోసి కింద పడేస్తారు. ముక్కను ఎత్తి మొద్దు మీద నిలబెట్టి గొడ్డలి వేస్తారు. చీలిన పేళ్లను ఏరి తోపుడు బండిలో వేస్తారు. బండిలోంచి తీసి పేరుస్తారు. ఎండాక పేర్పు విప్పి మళ్లీ బండికెత్తుతారు. బండిలోంచి వసారాలోకి, వసారాలోంచి పొయ్యి పక్కనున్న బుట్టలోకి, బుట్టలోంచి మంటలోకి. ఒకే పేడు ఏడెనిమిది సార్లు చేతికి తగులుతుంది. చలికాలమంతా పొయ్యి వెలిగే ఇంట్లో ఇలాంటి పేళ్లు వేలల్లో ఉంటాయి. నడుం నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పాలా!

సంచి వచ్చి ఈ వరసలో మధ్య మెట్లను ఎత్తేసింది. ఇప్పుడు దుంగను ఒక పక్క నుంచి మింగి, రంపంతో కోసి, హైడ్రాలిక్ ఒత్తిడితో చీల్చి, కన్వేయర్ మీద పైకి పంపే యంత్రాలున్నాయి. కన్వేయర్ చివర సంచి నోరు తెరుచుకుని ఉంటుంది. అక్కడ పడిన పేడు ఎండే చోటికీ, అమ్మే చోటికీ, కొన్నవాళ్ల ఇంటికీ సంచితోనే ప్రయాణిస్తుంది. మనిషి చెయ్యి దాన్ని మొదటిసారి తాకేది ఇంటి గుమ్మం దగ్గర.

యంత్రం లేని ఇంట్లోనూ లాభమే. చీల్చే మొద్దు పక్కనే సంచిని నిలబెట్టి పేడును నేరుగా అందులోకి విసిరేస్తారు. ఇక్కడే కొత్తవాళ్లకు మొదటి చిక్కు ఎదురవుతుంది. ఖాళీ సంచి నిలబడదు. కొద్దిగా నిండగానే ఒక పక్కకు ఒరుగుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు ముందు చెక్క ప్యాలెట్ వేసి, దాని నాలుగు మూలలా కర్రలు బిగించి, వాటికి సంచి చెవులు తగిలించి నింపుతారు. ప్యాలెట్ రెండు పనులు చేస్తుంది. సంచి అడుగును నేల తడికి దూరంగా పెడుతుంది, ఫోర్క్‌లిఫ్ట్ కొమ్ములకు దారి ఇస్తుంది. మొదట మూలలు నింపి తర్వాత మధ్య నింపితే సంచి నలుచదరంగా నిలుస్తుంది. మధ్యలో కుప్ప పోస్తూ పోతే పక్కలు ఉబ్బి గుండ్రంగా తయారై, పక్క సంచిని నెట్టేస్తుంది.

బరువు సంగతి. ఒక ఘనపు మీటరు సంచిలో పేళ్లను వదులుగా పోస్తే అసలు చెక్క అందులో సగం కూడా ఉండదు, మిగతాదంతా గాలే. ఎండిన గట్టి కట్టె అయితే సుమారు 250 నుంచి 300 కిలోలు తూగుతుంది. అప్పుడే నరికిన పచ్చి ఓక్ అయితే 450 దాకా పోవచ్చు. టన్ను మోయగల సంచికి ఇది తేలికైన పని. మనిషికి మాత్రం కాదు. ట్రాక్టరో, క్రేనో, కనీసం చక్రాల ప్యాలెట్ బండో లేకపోతే నిండిన సంచి ఎక్కడ నింపారో అక్కడే ఉండిపోతుంది. మన పల్లెల్లో ఆడవాళ్లు గట్ల మీద నుంచి, అడవి నుంచి నెత్తిన పెట్టుకొచ్చే మోపుకు ఈ ఇబ్బంది లేదు. అది మనిషి నడిచే ప్రతి దారిలోనూ నడుస్తుంది. జంబో సంచికి చదునైన, గట్టి నేల కావాలి.

బ్రిటన్‌లో కట్టెల వ్యాపారులు ఆర్డరు తీసుకునేటప్పుడు అడిగే ప్రశ్నల్లో ఒకటి కొత్తవాళ్లకు వింతగా తోస్తుంది: మీ ఇంటి దారి కంకరదా, సిమెంటుదా? లారీ వెనక పలక మీద నుంచి చక్రాల బండితో దించే సంచి కంకర మీద అడుగు కూడా కదలదు. చిన్న చక్రాలు గులకరాళ్లలో కూరుకుపోతాయి. అలాంటి ఇళ్లకు సంచి రోడ్డు పక్కనే ఆగిపోతుంది. అక్కడి నుంచి వసారా దాకా ఇంటాయన తోపుడు బండి తియ్యాల్సిందే.

నూట నలభై లీటర్లు

ఇక ఎండబెట్టడం. సంచి వాడేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

పచ్చి ఓక్ నింపిన 450 కిలోల సంచిని తీసుకుందాం. అందులో 45 శాతం తేమ ఉందనుకుంటే నీరు 200 కిలోల పైమాట. పొయ్యిలో పెట్టడానికి తేమ 20 శాతానికి దిగాలి. ఆ స్థితికి వచ్చాక అదే కట్టె 310 కిలోల దగ్గర తూగుతుంది. అంటే ఒక్క సంచిలోంచి 140 లీటర్ల నీరు ఆవిరై బయటికి పోవాలి. పెద్ద బిందెల లెక్కన చూసినా తక్కువ కాదు. ఆ ఆవిరికి దారేదీ?

మామూలు జంబో సంచి గుడ్డ దట్టంగా నేసి ఉంటుంది. సిమెంటు పొడి బయటికి రాకూడదని, ఎరువు తడవకూడదని దానికి లోపల పూత కూడా వేస్తారు. పొడిని ఆపే గుడ్డ ఆవిరినీ ఆపుతుంది. పగలు ఎండకు లోపలి కట్టె చెమరుస్తుంది, రాత్రి చలికి ఆ చెమ్మ గుడ్డ లోపలి వైపు చుక్కలుగా పట్టి కిందికి జారుతుంది. అడుగున చేరిన నీటిలో కింది వరస పేళ్లు నానుతాయి. పైన వాన పడకుండా తార్పాలిన్ కప్పితే ఇంకా నయం అనుకుంటారు. నాలుగు వైపులా చుట్టేస్తే మిగిలిన కాస్త గాలీ ఆగిపోతుంది. నెల రోజుల్లో నల్లటి బూజు, పుట్టగొడుగు వాసన.

దీనికి విరుగుడుగా వచ్చినవే గాలి సంచులు. పక్కలు పూర్తిగా వల గుడ్డతోనో, మధ్య మధ్య వల పట్టీలతోనో కుడతారు. బంగాళాదుంపలు, ఉల్లిగడ్డల కోసం ఇలాంటివి ముందునుంచీ ఉన్నాయి. దుంప కుళ్లకూడదన్నా, కట్టె ఎండాలన్నా కావలసింది అదే గాలి. కట్టెల కోసం కొత్త సంచి కొనేవాళ్లు వల సంచి తప్ప ఇంకోటి కొనడం దండగ. పాత ఎరువుల సంచే దొరికితే దాన్ని మోతకు వాడుకోవచ్చు. అందులో పచ్చికట్టె పోసి ఏడాది ఉంచితే మాత్రం కట్టె చేతికి రాదు.

వల సంచిలోనూ షరతులున్నాయి. సంచులు ఒకదానికొకటి ఆనకుండా మధ్య జానెడైనా ఖాళీ ఉండాలి. ఒకే వరసలో పెట్టాలి, రెండు వరసలు పెడితే వెనక వరసకు గాలి తగలదు. నీడలో కంటే గాలి ఆడే ఎండ చోటు మేలు. పైన మాత్రమే కప్పాలి, పక్కలు వదిలెయ్యాలి. ఇంతా చేసినా సంచి నడిబొడ్డున ఉన్న పేడు అంచున ఉన్నదాని కంటే ఆలస్యంగానే ఎండుతుంది. పేర్పులో వరుసగా సర్దిన కట్టెకు గాలి ఈ కొస నుంచి ఆ కొసకు దూసుకుపోతుంది. వదులుగా పోసిన కుప్పలో దారి మెలికలు తిరుగుతుంది. చెక్కలో నీరు బెరడు లోంచి కాదు, ఎక్కువగా కోసిన కొసల లోంచీ చీల్చిన ముఖాల లోంచీ పోతుంది కాబట్టి పేళ్లు పొట్టిగా, సన్నగా ఉంటే సంచిలోనూ ఎండుతాయి. చీల్చని గుండ్రటి కొమ్మలు నింపితే రెండో వేసవి దాకా ఆగక తప్పదు.

మన అమ్మమ్మల కాలపు ఇళ్లలో ఈ శాస్త్రం అటక మీద ఉండేది. వానలకు ముందే కట్టెలు పొయ్యి పైనున్న అటక ఎక్కించేవారు. కింద వండే వంట సెగకు, పొగకు అవి ఆరుతూ ఉండేవి. చూరు కింద గోడకు కాస్త ఎడంగా పేర్చే అలవాటు కూడా అలాంటిదే. పచ్చికట్టె పెడితే ఇల్లంతా పొగ కమ్ముతుందని వాళ్లకు ఏ తేమ మీటరూ చెప్పలేదు, కళ్లు మండి తెలిసింది.

ఇప్పుడు మీటరు ఉంది, చట్టం కూడా ఉంది. ఇంగ్లండ్‌లో 2021 మే 1 నుంచి రెండు ఘనపు మీటర్ల కంటే తక్కువ పరిమాణంలో ఇళ్లకు అమ్మే కట్టెలో తేమ 20 శాతానికి మించకూడదు. ఆపైన పెద్ద మొత్తాల్లో పచ్చికట్టె అమ్మవచ్చు, కానీ దాన్ని ఎలా ఎండబెట్టుకోవాలో రాసిన కాగితం వెంట ఇవ్వాలి. ఒక్క సంచి మామూలుగా రెండు ఘనపు మీటర్లు ఉండదు. అలా విడిగా ఒక సంచి కొనే కట్టె ఈ నిబంధన కిందికి వచ్చేసింది. బట్టీ గదుల్లో వేడిగాలితో ఆరబెట్టిన కట్టెను ‘రెడీ టు బర్న్’ ముద్రతో అమ్మడం అందుకే పెరిగింది. నిబంధన వెనక కారణం ఇళ్ల పొయ్యిల నుంచి వచ్చే సన్నటి పొగ ధూళి. తడి కట్టె ఆ ధూళిని ఎక్కువ చేస్తుంది. జేబుకు కూడా నష్టమే. 20 శాతం తేమ ఉన్న కిలో కట్టె దాదాపు 4 యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి ఇస్తే, 50 శాతం తేమ ఉన్న కిలో కట్టె రెండుంబావు యూనిట్ల దగ్గర ఆగిపోతుంది. ఆ తేడాలో కొంత కట్టె తన నీళ్లు కాచుకోవడానికే ఖర్చయిపోయినది.

ధాన్యం కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటిందన్న మాట వినని తెలుగు రైతు ఉండడు. కట్టెకూ అలాంటి చిన్న మీటరే, రెండు సూదులది. దాన్ని బయటి వైపు గుచ్చితే అబద్ధమే చెబుతుంది, ఎండ తగిలిన పైపొర ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. సంచి మధ్యలోంచి ఒక పేడు తీసి, అప్పటికప్పుడు మళ్లీ చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చాలి. ఇంకో మెలిక ఉంది. ఇంగ్లండ్ నిబంధనలో తేమను మొత్తం బరువులో వాటాగా లెక్కిస్తారు. చెక్క పనివాళ్ల కోసం చేసిన చాలా మీటర్లు తేమను పొడి చెక్క బరువుతో పోల్చి చూపిస్తాయి. ఒక లెక్కలో 20 అయినది ఇంకో లెక్కలో 25. మీటరు 25 చూపించిందని అమ్మినవాడితో గొడవకు దిగేముందు ఏ లెక్కో చూసుకోవడం మంచిది.

ఘనపు మీటరు ఎక్కడ పోయింది?

తేమ గొడవ చట్టంతో కొంత సర్దుకుంది. కొలత గొడవ ఇంకా సర్దుకోలేదు.

‘పెద్ద సంచి’ అనేది కొలత కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ 90 సెంటీమీటర్లున్న సంచి పరిమాణం 0.73 ఘనపు మీటరు. అదే 85 సెంటీమీటర్లయితే 0.61. చూపుకు రెండూ ఒకలాగే ఉంటాయి, రెండింటినీ జనం నోట ‘ఘనపు మీటరు సంచి’ అనడమూ వినిపిస్తుంది. అయిదు సెంటీమీటర్ల తేడాతో ఆరో వంతు కట్టె మాయమవుతుంది. ధర అడిగేటప్పుడు సంచి మూడు కొలతలూ అడగడం ఒక్కటే దీనికి మందు.

దీని మీద ఇంకో తేడా, పోసిన కట్టెకూ పేర్చిన కట్టెకూ ఉన్నది. జర్మన్లు ఈ రెంటికీ వేరు వేరు కొలతలే పెట్టుకున్నారు. వదులుగా పోసిన ఒక ఘనపు మీటరు పొట్టి పేళ్లను తీరుగా పేరిస్తే 0.7 ఘనపు మీటరుకు కుంచించుకుపోతుంది. అమెరికాలో కట్టె కొలత ‘కార్డ్’. నాలుగడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున పేర్చిన కట్టె, అంటే 128 ఘనపు అడుగులు. దాన్నే సంచుల్లో పోస్తే 180 నుంచి 200 ఘనపు అడుగుల చోటు తింటుంది. ఘనపు మీటరు సంచులు అయిదారు కావాలి. నాలుగు సంచులు దించి ‘కార్డ్ అయింది’ అనే అమ్మకందారు అజ్ఞానంతో అన్నా, తెలిసి అన్నా కొన్నవాళ్లకు జరిగేది ఒకటే.

2022లో ఈ లెక్కలు జర్మన్లకు బాగా అవసరమయ్యాయి. రష్యా గ్యాస్ తగ్గి జనం పొయ్యిల వైపు మళ్లడంతో ఆ ఆగస్టులో కట్టెలు, చెక్క గుళికల ధర అంతకు ముందు ఏడాది ఆగస్టు కంటే 85 శాతానికి పైగా పెరిగిందని జర్మనీ గణాంక కార్యాలయం ప్రకటించింది. ధర అంత పెరిగినప్పుడు సంచిలోని గాలికి కూడా డబ్బు కట్టినట్టే.

ఎండే శత్రువు

ఈ సంచి గుడ్డ పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్. 1954లో ఇటలీలో జూలియో నట్టా పరిశోధనశాలలో పాలీప్రొపిలీన్‌కు గట్టి, స్ఫటిక రూపం దొరికింది. 1963లో ఆయన కార్ల్ జీగ్లర్‌తో కలిసి రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నాడు. ఆ ప్లాస్టిక్‌ను పలచటి పొరగా తీసి, సన్న పట్టీలుగా చీల్చి, సాగదీసి, మగ్గం మీద నేస్తే వచ్చేదే ఈ గుడ్డ. జంబో సంచి పెద్ద ఎత్తున ప్రపంచం మీదికి వచ్చింది 1970లలో. చమురు డబ్బుతో గల్ఫ్ దేశాలు నగరాలు కట్టుకుంటుంటే యూరప్ నుంచి సిమెంటు ఓడల్లో వెళ్లాలి. చిన్న బస్తాలు ఎక్కించి దించడం తెమిలే పని కాదు. క్రేన్‌తో ఎత్తే సంచి అక్కడ పట్టు దొరకబుచ్చుకుంది.

నేత అంతా యంత్రమే చేస్తుంది. కుట్టు మాత్రం ఇప్పటికీ మనుషుల చేతుల మీదే ఎక్కువగా నడుస్తోంది. దళసరి గుడ్డ, దళసరి పట్టీ, మూలల్లో వంపులు, ఎగుడు దిగుడులు. దాంతో ఈ పరిశ్రమ కుట్టేవాళ్లు ఎక్కువగా ఉన్న దేశాలకు చేరింది. ప్రపంచానికి ఈ సంచులు పంపేవాళ్లలో మన దేశం ముందు వరసలో ఉంది. యార్క్‌షైర్ రైతు పెరట్లో ఓక్ కట్టెలు మోస్తున్న సంచి పక్క కుట్టులోని చీటీ తిప్పి చూస్తే అందులో భారత్ పేరు కనిపించడం వింతేమీ కాదు.

ఆ చీటీని చింపెయ్యకూడదు. సంచి ఎంత బరువుకు తయారైందో, ఎన్ని రెట్ల భద్రత ఉందో అందులో ఉంటుంది. ‘5:1’ అని ఉంటే ఒకసారి వాడకానికి చేసింది. వెయ్యి కిలోల సంచి అయితే పరీక్షలో అయిదు వేల కిలోల లాగుడుకు తట్టుకుని ఉండాలి. ‘6:1’ ఉంటే పదే పదే వాడటానికి చేసింది. కట్టె బరువు ఈ అంకెలకు చాలా కింద ఉంటుంది కాబట్టి ఒకసారి వాడకపు సంచినే జనం ఏళ్ల తరబడి తిప్పుతుంటారు. బరువు వరకూ చూస్తే అందులో తప్పు కనిపించదు. తప్పంతా ఎండలో ఉంది.

సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు పాలీప్రొపిలీన్‌ను పెళుసు చేస్తాయి. తయారీదారులు రక్షణ రసాయనాలు కలుపుతారు, కానీ అవి గోదాములో కొన్నాళ్లు, ఓడ మీద కొన్నాళ్లు ఉండే సరుకు ప్రయాణానికి సరిపడేంత. రెండు వేసవులు ఆరుబయట నిలబెట్టడానికి కాదు. కట్టె ఎండాలంటే ఎండ కావాలి, ఆ ఎండే సంచిని తినేస్తుంది. ముందుగా దెబ్బతినేవి పైకి నిక్కి ఉండే చెవులు. సంచి మొత్తం చూడటానికి బాగానే ఉంటుంది, ఎత్తిన క్షణంలో ఒక చెవి పుటుక్కుమంటుంది. మూడు చెవుల మీద వేలాడే మూడొందల కిలోలు ఎటు ఊగుతాయో చెప్పలేం.

పాత సంచి పట్టీని బొటనవేలి గోరుతో గట్టిగా గీకి చూస్తే తెల్ల పొడి రాలిందా, పోగులు పొట్టులా విరిగాయా? దాని పని అయిపోయినట్టే. ఎత్తేటప్పుడు నాలుగు చెవులూ తగిలించాలి, రెండింటితో ఎత్తకూడదు. ఫోర్క్ కొమ్ముల అంచులు పదునుగా ఉంటే పట్టీని కోస్తాయి. నేల మీద ఈడ్చుకెళ్లకూడదు. లేచిన సంచి కిందికి చెయ్యి కూడా పోనివ్వకూడదు, అడుగున ఇరుక్కున్న ప్యాలెట్ సర్దడానికైనా సరే.

సంచి గతం కూడా తెలుసుకోవాలి. అమ్మోనియం నైట్రేట్ ఎరువు మోసిన సంచిలో మిగిలిన పొడి మంటను ఎగదోస్తుంది. మందు పూసిన విత్తనాలు మోసిన సంచి లోపలి ధూళి కట్టెకు అంటి, పొయ్యిలో కాలి, ఇంటి గాలిలోకి వస్తుంది. కడిగి ఆరబెట్టి వాడొచ్చని కొందరంటారు. ఏం మోసిందో తెలియని సంచిని ఊరికే ఇచ్చినా తీసుకోకపోవడమే తెలివైన పని. ఇంకో సంగతి, ఈ గుడ్డ 160 డిగ్రీలు దాటగానే కరుగుతుంది. నిండిన సంచిని వెలిగే పొయ్యి ఉన్న గదిలోకి తెచ్చిపెట్టడం సౌకర్యం అనిపించవచ్చు, అది నిప్పుతో ఆటే.

పంజరం, పేర్పు

ఎండకు ఓడని పోటీదారు ఒకటుంది. వెయ్యి లీటర్ల ద్రవాలు మోసే ప్లాస్టిక్ ట్యాంకుల చుట్టూ ఇనుప పంజరం ఉంటుంది, కింద ప్యాలెట్ కూడా దానికే బిగించి ఉంటుంది. ట్యాంకు తీసేస్తే మిగిలే పంజరం కట్టెలకు కొలిచి చేసినట్టు సరిపోతుంది. నాలుగు వైపులా గాలి, ఫోర్క్‌లిఫ్ట్‌కు దారి, ఏళ్లకేళ్లు మన్నిక. జర్మనీ, బ్రిటన్‌లలో ఇంటి వాడకానికి ఇవి విపరీతంగా తిరుగుతున్నాయి. నిజం చెప్పాలంటే ఎండబెట్టడానికి పంజరమే సంచి కంటే మేలు. కాకపోతే ఖాళీ పంజరం నిండిన పంజరమంత చోటే ఆక్రమిస్తుంది. ఖాళీ సంచిని మడిచి అటక మీద పడేయొచ్చు.

పేర్చడమే ఇష్టమైనవాళ్లకు రెండూ అక్కర్లేదు. నార్వే రచయిత లార్స్ మైటింగ్ 2011లో కట్టెలు నరకడం, పేర్చడం, ఎండబెట్టడం గురించి ఒక పుస్తకం రాస్తే అది పెద్ద ఎత్తున అమ్ముడుపోయింది. 2013 ఫిబ్రవరిలో ఆ దేశ ప్రభుత్వ టీవీ ఓ రాత్రంతా కట్టెల కార్యక్రమం ప్రసారం చేసింది, మొత్తం పన్నెండు గంటలు. అందులో ఎక్కువ భాగం ఒక పొయ్యి మండుతూ కనిపించడమే. చూస్తున్న జనం ఫిర్యాదులు పంపారు. మంట విసుగు పుట్టించిందని కాదు. పేర్పులో బెరడు పైకి పెట్టారని సగం మంది, కిందికి పెట్టారని మిగతా సగం! ఇలాంటి దేశంలో కట్టెను సంచిలో కుమ్మరించడమంటే కొందరు పెద్దవాళ్లకు మొహం చిట్లుతుంది. అదే దేశంలో పెద్ద సంచుల అమ్మకం చక్కగా సాగుతోంది. పేర్పు మీద ప్రేమ ఉన్నా మోకాళ్లు సహకరించాలి కదా.

టికెట్ లేని పురుగు ప్రయాణం

సంచి వల్ల కట్టె తేలిగ్గా దూరం వెళుతోంది. దానితో పాటు కట్టెలో ఉన్నదీ వెళుతోంది.

2002లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ దగ్గర ఒక పచ్చటి మెరుపు పురుగును గుర్తించారు. ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే ఈ ఆసియా పురుగు పిల్లలు ఆష్ చెట్ల బెరడు కింద సొరంగాలు తొలిచి, చెట్టుకు నీరూ ఆహారమూ అందకుండా చేస్తాయి. అప్పటి నుంచి కోట్లాది చెట్లు చచ్చిపోయాయి. పురుగు తనంతట తాను ఏడాదికి ఎగిరే దూరం కొద్దే. వందల మైళ్లు దూకిందంటే దాన్ని మనుషులు మోసుకెళ్లినందుకే, ఎక్కువగా వంట చెరకు, చలిమంట కట్టెల్లో. కట్టెలు దూరం తీసుకెళ్లొద్దని ‘డోంట్ మూవ్ ఫైర్‌వుడ్’ పేరుతో నేచర్ కన్జర్వెన్సీ సంస్థ ప్రచారం నడుపుతోంది. ఈ పురుగును ఆపడానికి అమెరికా కేంద్ర ప్రభుత్వం పెట్టిన దిగ్బంధాన్ని 2021 జనవరిలో ఎత్తేశారు. అప్పటికే అది చాలా రాష్ట్రాలకు పాకిపోయింది. కట్టెల రవాణా మీద రాష్ట్రాల సొంత నిబంధనలు మాత్రం ఉన్నాయి.

న్యూజెర్సీలోనో, న్యూయార్క్ శివార్లలోనో ఉండే తెలుగు కుటుంబాలు వేసవి సెలవుల్లో నాలుగు కార్లు వేసుకుని క్యాట్‌స్కిల్స్ కొండలకో, ఆడిరాండాక్స్ అడవులకో క్యాంపింగ్‌కు బయల్దేరేటప్పుడు పనికొచ్చే విషయమిది. పెరట్లో చచ్చిన చెట్టు కొట్టి వల సంచుల్లో నింపిన కట్టె ఉచితంగానే ఉంది కదా అని డిక్కీలో వేసుకుంటారు. న్యూయార్క్ రాష్ట్రంలో వేడితో శుద్ధి చెయ్యని కట్టెను అది పుట్టిన చోటి నుంచి 50 మైళ్ల కంటే దూరం తీసుకెళ్లడం నిషిద్ధం. బయటి రాష్ట్రం నుంచి అలాంటి కట్టెను అసలు లోపలికే తీసుకురాకూడదు. ఆ యాభై మైళ్ల లోపలైనా కొన్న కట్టెకు ఎక్కడిదో తెలిపే రసీదు, సొంతంగా కొట్టుకున్నదైతే ఎక్కడ కొట్టారో తామే రాసి పెట్టుకున్న పత్రం దగ్గర ఉండాలి. క్యాంపు మైదానాల దగ్గర్లోని దుకాణాల్లో స్థానిక కట్టె చిన్న కట్టలుగా దొరుకుతుంది. వేడిచేసి శుద్ధి చేసిన కట్టె మీద ఆ సంగతి చెప్పే ముద్ర ఉంటుంది, దానికి ఈ దూరం హద్దు వర్తించదు.